పల్లె ప్రాంతానికి నెట్ జీరో ప్లాన్: సోలార్, చెట్లు రాస్తే సరిపోతుందా?

చెరువుగట్టు అడిగారు:

నమస్కారం అండీ. 2050 నాటికి మా గ్రామీణ ప్రాంతాన్ని నెట్ జీరోకి (అంటే గాలిలోకి వదిలే వేడి వాయువులు, తిరిగి పీల్చుకునేవి సరిసమానం అయ్యే స్థితికి) తీసుకెళ్లే ప్లాన్ మీద అభిప్రాయం చెప్పమని ఒక కమిటీ వేసి, అందులో నన్నూ ఇరికించారు. నేను రిటైరైన లెక్కల టీచర్ని, పర్యావరణం నా సబ్జెక్టు కాదు. కన్సల్టెంట్లు పంపిన డ్రాఫ్ట్ మొత్తం చదివాను. ఇళ్ల మీద సోలార్, గుట్ట మీద గాలిమరలు, ఛార్జింగ్ స్టేషన్లు, బోలెడన్ని చెట్లు. ఆఖర్న ఒక గ్రాఫ్, అందులో గీత 2050 దగ్గర నున్నగా సున్నాను తాకింది.

పశువులు, ఎరువుల గురించి మాత్రం ఒకే ఒక్క పేరా ఉంది, "మరింత అధ్యయనం అవసరం" అని. మనుషుల కన్నా పశువులు ఎక్కువున్న చోట ఇది చాలుతుందా? ఇంకొకటి, గాలిమరల కరెంటు మిగిలితే బయటికి అమ్ముతాం కాబట్టి ట్రాక్టర్ల డీజిల్ పొగ దానికి చెల్లు అని రాశారు. ఇది ఎంతవరకు సబబు? చెట్ల విషయంలోనూ అనుమానమే. ఎప్పటి నుంచో ఉన్న అడవిని కూడా లెక్కలో కలిపేసినట్టున్నారు. వచ్చే మీటింగులో ఏం అడగమంటారు?

పద్దుల మనిషి:

గ్రాఫ్ సంగతి వదిలేయండి మాస్టారూ. ఎక్సెల్‌లో చివరి గడిలో సున్నా కొడితే గీత దానంతట అదే దిగుతుంది. ఇలాంటి ఉద్గారాల పద్దులు రాయడమే నా ఉద్యోగం. ఏ డ్రాఫ్ట్ వచ్చినా నేను మొదట చూసేది బేస్‌లైన్ టేబుల్. ఈ రోజు ఏ మూల నుంచి ఎంత పోతోందో అక్కడ లేకపోతే మిగతా పేజీలు చదవడం దండగ.

మీకు పంపింది నగరాల కోసం చేసిన మూసలా ఉంది. నగరంలో కరెంటు, భవనాలు, వాహనాలు, చెత్త పట్టుకుంటే చాలా వరకు వచ్చేస్తుంది. పల్లెలో పెద్ద పద్దులు బిల్లుల్లో కనబడవు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్క చేసే చూపిస్తాను. పొలంలో 100 కిలోల నత్రజని ఎరువు వేశారనుకోండి. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లోని ప్రాథమిక గుణకం ప్రకారం అందులో 1 శాతం, అంటే ఒక కిలో నత్రజని, నైట్రస్ ఆక్సైడ్ అయి గాలిలో కలుస్తుంది. ఆక్సిజన్ బరువు కూడా కలిపితే 1.57 కిలోల వాయువు. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు వేడెక్కిస్తుంది. గుణిస్తే దాదాపు 430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు డీజిల్ కాలిస్తే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఇది 160 లీటర్ల డీజిల్‌తో సమానం. ఆ ఎరువు తయారు చేసిన ఫ్యాక్టరీ పొగ ఇందులో లేదు.

ఇక ఆవులు. నెమరు వేసే జంతువు కడుపులో మీథేన్ పుడుతుంది, ఎక్కువ భాగం త్రేన్పుల్లోనే బయటికి వస్తుంది. అవే మార్గదర్శకాల్లో పాడి ఆవుకు ఏడాదికి భారత ఉపఖండంలో 58 కిలోలు, ఉత్తర అమెరికాలో 128 కిలోలు అని ఉంది. మేతను బట్టి, పాల దిగుబడిని బట్టి ఇంత తేడా. మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లు వేడెక్కిస్తుంది కాబట్టి 27తో గుణించండి: ఒక్కో ఆవుకు ఒకటిన్నర టన్ను నుంచి మూడున్నర టన్నుల దాకా. పశువుల సంఖ్యతో దాన్ని మళ్లీ గుణించి చూస్తే, ఒక్క పేరాలో తేల్చేసిన పద్దు ఎంతదో మీకే తెలుస్తుంది.

కాబట్టి మీటింగులో మొదటి ప్రశ్న: ఈ అంకెలు ఎక్కడి నుంచి తెచ్చారు? దేశం మొత్తం అంకెను జనాభాతో భాగించి మీకు పంచి ఉంటే ఒప్పుకోవద్దు. ఎరువుల అమ్మకాలు డీలర్ల దగ్గర ఉంటాయి, పశువుల లెక్క పశువైద్య శాఖ దగ్గర ఉంటుంది. పెట్రోల్ బంకుల అమ్మకాలు అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. మీ మీదుగా హైవే పోతుంటే, ఆగి ట్యాంకు నింపుకుని పోయే లారీల డీజిల్ కూడా మీ ఖాతాలో పడుతుంది. ఒకప్పుడు చిత్తడిగా ఉండి, కాలువలు తవ్వి ఆరబెట్టిన పీట్ నేలలు ఉన్నాయేమో కూడా అడగండి. వేల ఏళ్లుగా నీటిలో కుళ్లకుండా నిలవ ఉన్న కార్బన్ అది. గాలి తగిలిందంటే ఏళ్ల తరబడి పోతూనే ఉంటుంది. అలాంటి చోట కాలువ పూడ్చి నేలను మళ్లీ తడపడం కొత్త మొక్కలు నాటడం కన్నా ఎక్కువ పని చేయొచ్చు.

వరి ఉంటే ఆ పద్దు వేరు. ఎప్పుడూ నీళ్లు నిలిచిన మడిలో మీథేన్ పుడుతుంది. చిల్లులు పెట్టిన గొట్టం మడిలో పాతి, లోపల నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ నీళ్లు పెట్టే పద్ధతి ఉంది. పూత సమయంలో తప్ప మిగతా రోజుల్లో పంటకు ఇబ్బంది రాదు, మీథేన్ బాగా తగ్గుతుంది. ఖర్చల్లా ఆ గొట్టం ముక్కే. ఇలాంటివి డ్రాఫ్టుల్లో కనబడవు, ఎందుకంటే రిబ్బన్ కట్ చేయడానికి ఏమీ ఉండదు.

గాలిమరలు, చెట్ల గురించి సాయంత్రం రాస్తాను.

తోక ఫీడర్:

సోలార్ గురించి నేను చెప్తాను, లైన్ల మీద పని చేసేవాణ్ణి. పల్లె ఫీడర్లు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తెచ్చే లైన్లు, పొడవుగా, సన్నటి తీగతో ఉంటాయి. ఎప్పుడో లైట్లకు, మోటార్లకు వేసినవి. కరెంటు ఒకే దిక్కున పోతుందనే లెక్కతో వేశారు.

ఇప్పుడు తోక చివర నాలుగు ఇళ్లు సోలార్ పెట్టాయనుకోండి. మధ్యాహ్నం ఎండ ఫుల్లు, ఇళ్లలో వాడకం నిల్లు. తయారైన కరెంటు వెనక్కి తోస్తుంది, చివర వోల్టేజీ పెరుగుతుంది. పరిమితి దాటగానే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్. ప్యానెల్ పెట్టిన మనిషి మీటర్ చూసుకుని టెన్షన్ పడి మాకు ఫోన్ చేస్తాడు. అతని ప్యానెల్ బాగానే ఉంది, తీగకే ఆ శక్తి లేదు.

అందుకని ఊరికి ఇన్ని కిలోవాట్లు అని టార్గెట్ రాసే ముందు ఏ ఫీడర్ ఎంత మోయగలదో పంపిణీ సంస్థ దగ్గర జాబితా తీసుకోండి. దాని ఖర్చు, టైమ్ ప్లాన్‌లో ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం, తీగ మార్చడం వారంలో అయ్యేవి కావు. చవకైన దారి ఇంకోటి ఉంది. వాడకాన్నే ఎండ దగ్గరికి జరపండి. నీళ్ల పంపులు, పాలు చల్లబరిచే ట్యాంకులు, నీళ్లు వేడి చేసే హీటర్లు, బండి ఛార్జింగ్, ఇవన్నీ మధ్యాహ్నం నడిస్తే ఆ వోల్టేజీ సమస్య సగం అక్కడే తీరుతుంది.

స్కాట్లాండ్‌లో ఐగ్ అనే చిన్న దీవి గురించి వెతకండి. 2008లో జలవిద్యుత్తు, గాలి, సోలార్ కలిపి సొంత గ్రిడ్ పెట్టుకున్నారు. ఇంటికి 5 కిలోవాట్లు, వ్యాపారానికి 10 కిలోవాట్లు మించి ఒకేసారి వాడకూడదని వాళ్లలో వాళ్లే నియమం పెట్టుకున్నారు. నాకు అక్కడి యంత్రాల కన్నా ఆ నియమమే గొప్పగా అనిపించింది.

పాడిరైతు:

లెక్కలన్నీ బాగున్నాయి సార్. కానీ ఇలాంటి మీటింగుల్లో మా ఆవుల్ని దొంగల్ని చూసినట్టు చూస్తారు. డ్రాఫ్ట్ అంతా అయిపోయాక "రైతుల సహకారం కావాలి" అని ఆఖరి పేజీలో ఒక లైను. సహకారం కావాలంటే మొదటి పేజీ రాసేటప్పుడు పిలవాలి.

మీథేన్ తగ్గించే దాణా మందు ఉంది కదా అంటారు. ఉంది, 3-ఎన్‌ఓపీ అని, పాడి ఆవుల్లో సగటున 30 శాతం దాకా తగ్గిస్తుంది. కానీ అది దాణాలో కలిపి రోజంతా కొంచెం కొంచెంగా అందాలి. కొట్టంలో కట్టేసి మేపేవాళ్లకు కుదురుతుంది, పొద్దున తోలితే సాయంత్రం ఇంటికొచ్చే పశువులకు ఎలా పెడతాం? దానివల్ల పాలేమీ పెరగవు, మరి ఖర్చు ఎవరిది? ఈ రెండూ ప్లాన్‌లో రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మేం ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి. పాలివ్వకుండా ఏళ్ల తరబడి ఉండే పశువులు తగ్గాలి, దూడలు బతకాలి, జబ్బులు తగ్గాలి. అప్పుడు అవే పాలకు తక్కువ పశువులు చాలు. దానికి కావలసింది టైముకు వచ్చే పశువుల డాక్టరు. పేడ గుంటకు మూత వేసి గ్యాస్ పట్టుకుంటే ఇంకా మంచిది. కానీ ప్లాంటు పెట్టి వదిలేస్తే కుదరదు. డోములో పగులు, పైపులో లీకు ఉంటే పట్టుకున్న మీథేనే మళ్లీ గాలిలోకి పోతుంది. పెట్టడానికి సబ్సిడీ ఇస్తారు, రిపేరుకు మనిషిని ఇవ్వరు.

ట్రాక్టర్ గురించి ఒక్క మాట. అప్పు తీరని ట్రాక్టర్ని ఎవరూ అమ్ముకోరు. ఎవరి బండి, ఎవరి ఇంజిన్ ఏ సంవత్సరంలో మార్చే వయసుకు వస్తుందో ముందు రాసుకోండి. ఆ సంవత్సరానికి ఎలక్ట్రిక్‌ది, దానికి అప్పు, దాన్ని బాగుచేసే మెకానిక్ సిద్ధంగా ఉంటే మేమే మారతాం. ఆ సంవత్సరం దాటిపోయిందా, ఇంకో పదిహేనేళ్లు డీజిలే.

పద్దుల మనిషి:

పాడిరైతు గారు చివర చెప్పింది నా మొత్తం పోస్టు కన్నా విలువైనది. బాయిలర్లు, పంపులు, లారీలు, ఇంటి పైకప్పులు అన్నిటికీ అదే వర్తిస్తుంది. మాస్టారూ, ఆ "ఎప్పుడు మారుస్తారు" పట్టిక ప్లాన్‌లో ఉందా అని తప్పకుండా అడగండి.

మీథేన్‌ను వేరే గీతగా చూపించమనండి. అది గాలిలో పుష్కరకాలం ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు దాటి ఉంటుంది. రెండిటినీ ఒకే అంకెలో కలిపితే ఏది తగ్గిందో తెలియదు. న్యూజిలాండ్ 2019 చట్టంలో పశువుల నుంచి, చెత్త నుంచి వచ్చే మీథేన్‌కు విడిగా లక్ష్యం పెట్టి, మిగతా వాయువులకు 2050 నాటికి నెట్ జీరో అంది. ఆవులకు మినహాయింపు ఇచ్చేశారని కొందరు తిట్టారు. లెక్క మాత్రం విడిగా కనబడడం మంచిదేనని నా అభిప్రాయం.

గాలిమరలు, డీజిల్ చెల్లు విషయం. డెన్మార్క్‌లో సామ్సో దీవి అచ్చంగా ఈ పనే చేసింది. 1997లో పునరుత్పాదక ఇంధన దీవిగా ఎంపికై, నేల మీద 11, తర్వాత సముద్రంలో 10 గాలిమరలు పెట్టారు. సముద్రంలోవి కార్లు, ఫెర్రీల ఇంధనానికి బదులుగా అని లెక్క వేశారు. వాటిలో రైతులకు, సహకార సంఘాలకు, మునిసిపాలిటీకి వాటాలు ఉన్నాయి. గాలిమరల మీద జనం గొడవ పెట్టకపోవడానికి అదే పెద్ద కారణం. మీ డ్రాఫ్టులో వాటా ఎవరికో రాశారా?

అయితే ఆ చెల్లు పద్ధతిలో చిక్కు ఉంది. మీరు అమ్మిన కరెంటు కొన్న నగరం తన పద్దులో "మా కరెంటు శుభ్రం" అని రాసుకుంటుంది. అదే యూనిట్‌ను మీరు డీజిల్‌కు చెల్లు రాసుకుంటే ఒకే తగ్గింపును ఇద్దరు వాడుకున్నట్టు. 2014లో వచ్చిన జీపీసీ అనే ప్రాంతీయ లెక్కల ప్రమాణం కూడా ఇలాంటి వాటిని మొత్తంలో తీసివేయనివ్వదు, పక్కన విడిగా చూపించమంటుంది. సామ్సో వాళ్లు కూడా చెల్లుతో ఆగలేదు, ఇంధనాన్నే మానేయాలని తర్వాతి లక్ష్యం పెట్టుకున్నారు.

కట్టెలతో పెద్ద ప్లాంటు పెడదామని ఎవరైనా అంటే ఆస్ట్రియాలోని గ్యూసింగ్ పేరు ఎత్తుతారు. 1990లో శిలాజ ఇంధనాలు వదిలేస్తామని తీర్మానం చేసి, ముందు ప్రభుత్వ భవనాల్లో వృథా ఆపి, తర్వాత కట్టెల మీద వేడి, కరెంటు తయారు చేసిన ఊరు. ప్రపంచమంతా చూడడానికి వచ్చింది. కట్టెల్ని గ్యాస్‌గా మార్చే ఆ గ్యాసిఫికేషన్ ప్లాంటు కంపెనీ 2013లో దివాలాకు వెళ్లింది. ఆ కథలో నాకు నచ్చేది మొదటి మెట్టు, వృథా ఆపడం. ఏ ధరలు మారినా దానికి నష్టం రాదు.

చెరువుగట్టు:

అందరికీ ధన్యవాదాలు. చాలా వరకు స్పష్టమైంది. పాత అడవి సంగతి ఒక్కటి మిగిలింది. కలపకపోతే 2050కి సున్నా రాదంటున్నారు కన్సల్టెంట్లు. కలిపితే ఈ రోజే దాదాపు సున్నా అయిపోతున్నాం!

పద్దుల మనిషి:

అదే చిక్కు మాస్టారూ. ఎవరూ ఏమీ చేయకముందే పీల్చుకుంటున్న అడవిని మీ ప్లాన్ ఫలితంగా రాసుకోకూడదు. దాన్ని ఒక వరసలో విడిగా చూపించండి, ఈ ప్లాన్ తర్వాత అదనంగా పెరిగినది ఇంకో వరసలో. కాలిపోతే, నరికితే ఆ కార్బన్ తిరిగి వస్తుంది కాబట్టి కొంత భాగం లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టాలి. కంపెనీల నెట్ జీరో ప్రమాణాల్లో కూడా 90 శాతం నిజంగా తగ్గించాకే మిగతాదానికి పీల్చుకునే లెక్క ఒప్పుకుంటారు. మీకు పశువుల వల్ల 90 కుదరకపోవచ్చు. ఎంత కుదురుతుందో ఆ అంకెను కమిటీలో ఓటుకు పెట్టి, మినిట్స్‌లో రాయించండి.

పాడిరైతు:

మాస్టారూ, ఆ మీటింగ్ పాలు పితికే టైములో పెట్టొద్దని కూడా రాయించండి.

చెరువుగట్టు:

మొదటి తీర్మానం అదే పెడతాను. ఎన్ని గంటలకైతే కుదురుతుందో చెప్పండి.

పాడిరైతు:

పదకొండు నుంచి రెండు మధ్య ఎప్పుడైనా. మాతో పాటు పశువుల డాక్టర్ని కూడా పిలవండి.