తాటి పండుతో థాయి వాళ్ళ ఖనోమ్ తాన్: ఈస్టు వెయ్యాలా, వద్దా?

పటమట పిల్ల:
అందరికీ నమస్తే. మా పెద్దమ్మ వాళ్ళ ఊరి నుంచి ఎల్లుండి తాటి పండ్లు వస్తున్నాయి. ఏటా ఈ రోజుల్లో తాటి గారెలు, రొట్టె చేసుకుంటాం. ఈసారి థాయిలాండ్‌లో చేసే ఖనోమ్ తాన్ చెయ్యాలని ఉంది. తాటి గుజ్జు, బియ్యప్పిండి, కొబ్బరి పాలు కలిపి, అరటాకు దొన్నెల్లో పోసి, పైన కొబ్బరి కోరు చల్లి ఆవిరి మీద ఉడికిస్తారు కదా, అదే. ఆఫీసు పని మీద బ్యాంకాక్ వెళ్ళినప్పుడు తిన్నాను. తాటి పండంటే ప్రాణం పెట్టే మా నాన్నకి ఒక్కసారైనా ఇది తినిపించాలని.

వీడియోలు చూస్తే ఒకరు ఈస్టు వేస్తున్నారు, ఒకరు బేకింగ్ పౌడర్, ఇంకొకరు ఏమీ వెయ్యట్లేదు. ఏది నమ్మాలి? ప్యాకెట్ బియ్యప్పిండి పనికొస్తుందా? అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఏంటంటే, కొబ్బరి పాలు కలిపిన పిండిని మన విజయవాడ ఉక్కలో గంటల తరబడి బయట పెడితే పాడైపోదా? స్టీమర్ లేదు, ఇడ్లీ పాత్ర ఉంది.

బ్రాడీపేట వంటిల్లు:
అమ్మా, మీరు అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మా వారి ఉద్యోగం వల్ల చాలా ఏళ్ళు బ్యాంకాక్‌లో ఉన్నాం. మా సందు చివర పొద్దున్నే ఇవి వేడివేడిగా అమ్మే ఒకావిడ పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఆవిడది పెట్చబురి. బ్యాంకాక్‌కి నైరుతి దిక్కున ఉంటుంది. తాటి చెట్లకీ తాటి బెల్లానికీ అక్కడ పెట్టింది పేరు. చెట్టు కూడా మన దగ్గర ఉన్న జాతే, కాబట్టి మీకొచ్చే పండ్లు దీనికి అచ్చంగా సరిపోతాయి.

ఈస్టు వెయ్యకండి. పండిన తాటి గుజ్జులో సహజంగానే ఈస్టు ఉంటుంది. కల్లులో ఎవరు ఏం కలుపుతున్నారని అది పొంగుతోంది? ఇదీ అంతే. గుజ్జు పిండిని పులియబెడుతుంది, ఆ బుడగల వల్లే ఉడికాక గుల్లగా వస్తుంది. బయటి ఈస్టు వేస్తే బేకరీ వాసన వచ్చి తాటి వాసనని తినేస్తుంది. బేకింగ్ పౌడర్‌తో పొంగుతుంది గానీ ఆ సన్నటి పులుపు రాదు. ఆ పులుపు లేకపోతే ఇది ఉత్త తీపి కుడుము.

పిండి విషయంలో మాత్రం రాజీ పడకండి. అక్కడి బియ్యప్పిండి నానబెట్టిన బియ్యాన్ని తడిగా రుబ్బి చేసింది. మన ప్యాకెట్లు చాలావరకు పొడి బియ్యం ఆడించినవి, ఉడికాక పలుకు పలుకుగా తగులుతుంది. మన అదృష్టం, అరిసెల కోసం చేసే తడి పిండి ఇక్కడ అందరికీ వచ్చు. పాత బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, బట్ట మీద కాసేపు ఆరబెట్టి, చెమ్మ ఉండగానే పట్టించి జల్లించండి. మిక్సీలో వేసినా సన్న జల్లెడ పడితే చాలు.

గుజ్జు ముందు రోజే తీసుకోవాలి. ముచ్చిక తీసి, నల్ల తొక్క ఒలిచి, టెంకలు విడదీసి, కొద్దిగా నీళ్ళు చల్లుకుంటూ పిసికితే పీచు నుంచి గుజ్జు దిగుతుంది. వడకట్టి పల్చటి బట్టలో మూట కట్టి రాత్రంతా వేలాడదీయండి. నీరు కారేకొద్దీ చేదు తగ్గుతుంది. థాయి వాళ్ళు ఈ మెట్టు ఎప్పుడూ వదలరు.

మూడు కప్పుల తడి పిండికి కప్పుంబావు గుజ్జు, కప్పుంబావు పంచదార, కప్పున్నర చిక్కటి కొబ్బరి పాలు, అర చెంచా ఉప్పు. మీరు భయపడుతున్న కొబ్బరి పాల సంగతికి వస్తే, పాలల్లో పంచదార, ఉప్పు వేసి కరిగేదాకా వేడి చెయ్యండి, తెర్లనివ్వొద్దు. అలా కాస్తే త్వరగా చెడవు. కానీ పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడిగా పోస్తే గుజ్జులోని ఈస్టు చచ్చిపోతుంది. ముందు పిండీ గుజ్జూ మాత్రమే కలిపి చెయ్యి నొప్పి పుట్టేదాకా మర్దించండి, తర్వాత పాలు కొంచెం కొంచెంగా పొయ్యండి. దోసె పిండి జారుడు రావాలి. మూత పెట్టి వెచ్చటి చోట నాలుగైదు గంటలు ఉంచండి. గడియారం కన్నా గిన్నెనే నమ్మండి. పైన బుడగలు లేచి, తియ్యగా పులిసిన వాసన వస్తే అయినట్టు. మన ఉక్క దీనికి మేలే చేస్తుంది. ఏసీ గదిలో మాత్రం పెట్టకండి.

గుంటూరు జిహ్వ:
నాలుగైదు గంటలు ఎవరు ఆగుతారండీ? ఒక ఈనో ప్యాకెట్ వేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. మా ఇంట్లో డోక్లా అలాగే చేస్తాం.

బ్రాడీపేట వంటిల్లు:
డోక్లాకి బాగుంటుందండీ, కాదనను. దీనికి మాత్రం ఒప్పుకోలేను. వాళ్ళ నాన్నగారు తాటి పండు ప్రియులు, ఆయన నాలుకకి తేడా తెలిసిపోతుంది. పొద్దున కలిపితే సాయంత్రం టీ వేళకి తయారు, మధ్యలో మన పని మనం చేసుకోవచ్చు.

బాపట్ల తాటితోపు:
పండ్ల గురించి రెండు మాటలు. కోసినవి వద్దు, దానంతట అది రాలిన పండే తియ్యగా ఉంటుంది. చేదు చెట్టుని బట్టి కూడా ఉంటుంది, అందుకని ఏ పండు గుజ్జు ఆ గిన్నెలోనే తీసి రుచి చూసి, తర్వాతే అన్నీ కలపండి. ఒక్క చేదు పండు మొత్తం పాడు చేస్తుంది. టెంకలు పారెయ్యొద్దు. పెరట్లో జాగా ఉంటే పాతర వెయ్యండి, సంక్రాంతి నాటికి తేగలు తినొచ్చు.

పటమట పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. అక్కా, ఇంకో రెండు అడగొచ్చా? పంచదార బదులు తాటి బెల్లం వెయ్యొచ్చా? ఇడ్లీ రేకుల్లో పోస్తే పర్లేదా?

బ్రాడీపేట వంటిల్లు:
బెల్లం సగం దాకా వెయ్యొచ్చు. మొత్తం వేస్తే ఆ పసుపు రంగు ముదురు గోధుమ రంగులోకి పోతుంది, బెల్లం రుచి పండుని మించిపోతుంది.

ఇడ్లీ రేకులకి నూనె రాసి పోస్తే బాగానే వస్తాయి, పన్నెండు నిమిషాలు చాలు. కానీ అరటాకు దొరుకుతుంటే దాన్ని వదలకండి, ఆవిరికి ఆకు వాసన పిండిలోకి దిగుతుంది. కాళేశ్వరరావు మార్కెట్లో విడి ఆకులు అడగండి. ఆకుని మంట మీద ఒక్కసారి చూపిస్తే చిరగకుండా మెత్తబడుతుంది. గుండ్రంగా కత్తిరించి రెండేసి ఆకులు కలిపి నాలుగు మూలలా మడిచి పుల్ల గుచ్చండి. ఇడ్లీ పాత్రలో రేకులు తీసేసి చిల్లుల పళ్ళెం పెట్టి దాని మీద దొన్నెలు సర్దండి. ముప్పాతిక వంతే నింపి, ఉప్పు కలిపిన లేత కొబ్బరి కోరు చల్లండి. నీళ్ళు కుతకుతలాడాకే లోపల పెట్టాలి, మంట పెద్దదిగానే ఉండాలి, లేకపోతే పొంగకుండా అడుగున గట్టిపడతాయి. మూతకి బట్ట కడితే నీటి చుక్కలు పడవు. పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. పైన పగుళ్ళు వస్తే కంగారు పడకండి, బాగా పులిసిందని అర్థం.

ఆ రోజే తినెయ్యాలి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మళ్ళీ ఐదు నిమిషాలు ఆవిరి పట్టి ఇవ్వండి. చల్లగా తింటే పిండి బిరుసెక్కి ఉంటుంది. పండ్లు ఎక్కువ వస్తే వడకట్టిన గుజ్జుని డీప్ ఫ్రిజ్‌లో దాచుకోండి. కాకపోతే దాచిన గుజ్జు తాజా దానంత చురుగ్గా పులియదు, ఇంకో రెండు మూడు గంటలు ఎక్కువ పడుతుంది.