రోజువారీ ఫొటోలకు చేయి చాలదా? ట్రైపాడ్ ఉండాల్సిందేనా?

గంటస్తంభం_నీడ: మొన్న ఆదివారం విజయనగరం మిత్రులం నలుగురం పొందూరు వెళ్లాం. ఖద్దరు నూలు వడికే ఒక ఇంట్లో కెమెరా చేత్తో పట్టుకునే తీస్తున్నాను. మాలో పెద్దాయన ఒకరు, 'స్టాండు లేకుండా తీసేదీ ఒక ఫొటోయేనా' అనేశారు. అక్కడ నేనేమీ అనలేదు గానీ ఇంటికొచ్చినా అదే బుర్రలో తిరుగుతోంది. గంటస్తంభం దగ్గర వంకాయల బేరం, టీ బండి మీద ఆవిరి, వానలో బడికెళ్లే పిల్లలు... నేను తీసేవన్నీ ఇలాంటివే. మూడు కాళ్లు విప్పి బిగించేలోపు బేరం అయిపోతుంది, టీ చల్లారిపోతుంది. మీరేమంటారు?

పాత_లెన్సు: మాట కటువుగా ఉంది గానీ పెద్దాయన చెప్పిందాంట్లో విషయం ఉంది. 50 ఎంఎం లెన్సు చేత్తో పడితే షట్టరు సెకనులో 50వ వంతు కంటే నెమ్మదించకూడదని పాత లెక్క. చిన్న సెన్సర్ (బొమ్మ పడే చిప్) ఉన్న కెమెరాకు ఆ 50కి ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 80వ వంతు. ఆ ఇళ్లలో కిటికీ పక్కన తప్ప మిట్టమధ్యాహ్నం కూడా మసకే. వెలుతురు చాలక ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సున్నితత్వం, 6400కి ఎక్కిస్తారు, తెల్లటి పత్తి మీద ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. ఫోన్‌లో చూస్తే బాగానే ఉంటుంది. పెద్ద ప్రింట్ వేయించి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

పొందూరు_కోడలు: మా అత్తగారు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. ఆ పళ్లు ఎంత సన్నమంటే, దూది పీచుపీచుగా విడిపోయి గింజ పక్కన మంచులా లేస్తుంది. ఆవిడ చేయి ఒక్క క్షణం ఆగదు. మీ స్టాండు కెమెరాను ఆపుతుంది, ఆ చేతిని ఆపదు కదండీ! ఒకసారి ఎవరో స్టాండు తెచ్చి, ఒక కాలు ఏకుల మీదే పెట్టేసి, 'అమ్మా, కదలకండి' అన్నారు. ఆవిడ బొమ్మలా కూర్చున్నారు. ఫొటో షార్ప్‌గానే వచ్చింది. అందులో పని మాత్రం లేదు.

పాత_లెన్సు: ఏకుల మీద కాలు పెట్టడం తప్పే తల్లీ, ఒప్పుకుంటాను. కానీ చేయి ఒక్కటే కదిలినట్టు పడటం వేరు, ఫ్రేమంతా వణకడం వేరు. ట్రైపాడ్ మీద 15వ వంతులో తీస్తే ముఖం, గోడ నిలకడగా ఉండి ఆ దువ్వే చేయి మాత్రమే లీలగా చెదురుతుంది. మీరన్న పని కనపడేది అప్పుడే. చేత్తో 15వ వంతులో తీసి చూపించమనండి.

టెక్కలి_కొంగ: చూపిస్తాను గురూగారూ. లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంటే 15వ వంతు అంత కష్టమేమీ కాదు. మోచేతులు డొక్కలకు ఆనించి, భుజం ద్వారబంధానికి చేర్చి, ఊపిరి సగం వదిలి ఆపి, వరసగా మూడు ఫొటోలు పడేలా నొక్కి పట్టండి. మొదటిది వేలు ఒత్తిడికి అదురుతుంది, చివరిది వేలు తీసేటప్పుడు అదురుతుంది. నాకైతే ఎక్కువసార్లు మధ్యదే నిలుస్తుంది. (ఈ కిటుకు టీ తాగిన వెంటనే పనిచేయదు, అనుభవంతో చెప్తున్నాను.)

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. వాటికి 300 ఎంఎం లెన్సు పైకెత్తి పట్టుకుంటే పది నిమిషాల్లో చేతులు లాగేస్తాయి. షట్టరు 500వ వంతు ఉండాలి, తెల్లవారుజామున అంత వెలుతురెక్కడిది? అక్కడ నేనూ మోనోపాడ్ వాడతాను. ఒంటికాలిది కాబట్టి ఎవరి గుమ్మానికీ అడ్డం రాదు.

రాజాం_కుర్రోడు: ఇంత టెన్షన్ ఎందుకండీ? ఫోన్‌లో నైట్ మోడ్ పెడితే సరిపోదూ?

టెక్కలి_కొంగ: నైట్ మోడ్ వరసగా చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి కలుపుతుంది తమ్ముడూ. గోడ, గుడి, ఆగిన బండి అయితే బాగా వస్తాయి. మనిషి నడుస్తుంటే కాళ్లు చెరిగిపోతాయి.

గంటస్తంభం_నీడ: పాత_లెన్సు గారూ, ఒక్క ప్రశ్న. మన పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే నాడు మూడులాంతర్ల దగ్గర, ఆ జనంలో స్టాండు వేస్తారా?

పాత_లెన్సు: వేయను. ఆ రోజు నేను తెలిసినవాళ్ల మేడ మీద ఉంటాను.

గంటస్తంభం_నీడ: మేడ మీంచి మాను, దాని చివర కూర్చున్న పూజారి పడతారు. కింద నుంచి అరటిపండు విసిరే చేయి పడదు కదా! మాను కోట వైపు మూడోసారి తిరిగే వేళకి వెలుతురు తగ్గిపోతుంది, నాయిస్ వస్తుంది, తెలుసు. ఆ చేయి కోసం నాయిస్ భరిస్తాను. మసక గదిలో మాత్రం మీరన్నట్టు రెండు రకాలుగానూ తీసి, ప్రింట్లు వేయించి పక్కపక్కన పెట్టాలనుంది. వచ్చే ఆదివారం పొందూరు వస్తారా? కోడలు గారూ, మీ అత్తగారికి ఇబ్బంది లేదు కదా?

పొందూరు_కోడలు: అడిగాను. రమ్మన్నారు. స్టాండు గుమ్మం బయటే వేసుకోమన్నారు.

పాత_లెన్సు: బయట నుంచే వేస్తాను. లెన్సు మారుస్తా, అంతేగా.