వైజాగ్ లైట్‌హౌస్, రాళ్ళ తీరం: మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో ఏవి చూడొచ్చు?

బ్రాడీపేట అమ్మాయి:
మాది గుంటూరు. మాకు సముద్రమంటే సూర్యలంకే. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో ఎంత దూరమైనా నడిచిపోవచ్చు. ఈసారి అమ్మ, కొండలు సముద్రంలోకి దిగే చోటు చూడాలంటోంది. వయసు 61, మోకాళ్ళ నొప్పులు. శనివారం సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరతాం, చేతిలో ఉండేది ఆదివారం ఒక్కటే. ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

పటమట:
పోయినేడాది మా నాన్నగారిని తీసుకెళ్ళానండీ. ఆయనవీ మోకాళ్ళే. నా మాట వింటే మంగమారిపేట రాతి తోరణానికే ఎక్కువ టైం ఇవ్వండి. మన వైపు కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు, అందుకే తీరమంతా చదును. అక్కడ తూర్పు కనుమల రాయే నీళ్ళలోకి దిగుతుంది.

కానీ ఆటు సమయానికే వెళ్ళాలి. మేం మొదటి రోజు వెళ్ళేసరికి పోటు, తోరణం దగ్గరికే పోలేకపోయాం. మర్నాడు నీళ్ళు తీశాక చూస్తే రాళ్ళ గుంటల్లో గోరంత పీతలు. నాన్నగారు రాయి మీద కూర్చుని అరగంట వాటినే చూశారు. ఆటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, ముందురోజు చూసుకోండి. ఆకుపచ్చగా మెరిసే రాయి మీద మాత్రం అమ్మగారిని కాలు పెట్టనివ్వొద్దు. పాచికి జారి నా మోచెయ్యి చెక్కుకుపోయింది.

పైనే తొట్లకొండ. బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. కారు పైదాకా వెళ్తుంది.

లక్ష్మీపురం:
నేను పుట్టింది భీమిలిలో. లైట్‌హౌస్ వదిలేయకమ్మా. అది ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నిలబడితే, 1933లో మొదలైన ఓడరేవులోకి ఓడలు మన కాళ్ళ కిందినుంచే వెళ్తున్నట్టుంటాయి. సందర్శకులను సాయంత్రం కాసేపే పంపిస్తారు, ముందే కనుక్కో. ఆ కొండ అవతలే యారాడ బీచ్. అక్కడ ఒడ్డున కూర్చోండి చాలు, లోపలికి లాగేసే సముద్రం అది. ఎర్రమట్టి దిబ్బలకు వెళ్తే గట్లు ఎక్కొద్దు. అడుగు పడిన చోటల్లా మట్టి జారిపోతోంది, చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బ్రాడీపేట అమ్మాయి:
పటమట గారూ, లక్ష్మీపురం బాబాయ్ గారూ, చాలా థాంక్స్. అమ్మకి చదివి వినిపించాను. లైట్‌హౌస్ మెట్లు నన్ను ఎక్కమంది, తను కింద కూర్చుని ఓడలు చూస్తుందట. పీతల దగ్గరికి మాత్రం తప్పకుండా వస్తానంది. పొద్దున తోరణం, సాయంత్రం లైట్‌హౌస్. దిబ్బలు ఇంకోసారి.