అలాస్కా మంచు సముద్రంలో ఎండ్రకాయల వేట: పనెట్ల ఉంటుంది, ప్రాణానికి ఎంత ముప్పు, డబ్బెంత నిజం?

చంద్రగిరి_కోట:
తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు "అలాస్కాలో పీతల పడవ మీద ఉద్యోగం, మూడు నెలలకు పాతిక లక్షలు" అని వాట్సాప్‌లో తిప్పతా ఉండారు. ముందుగా రెండు లక్షలు కట్టాలంట. తడ పక్క పులికాట్‌లో వేట తెలిసిన కుర్రోళ్లు కొందరు దానిమీద మనసు పడి ఉండారు. ఆడ పనెట్ల ఉంటుంది, ఆ డబ్బు నిజమేనా, తెలిసినోళ్లు వివరంగా రాయండి. "రిస్కు ఎక్కువ" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు.

వాకాడు_వల:
ముందు పనేందో చూద్దాం. ఆడ వల కాదు, బోను. ఇనప చట్రానికి నైలాన్ వల బిగించి చేస్తారు. ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మూడడుగులకు కాస్త తక్కువ ఎత్తు. ఖాళీ బోనే దాదాపు 300 కిలోలు తూగుతుంది. మనవైపు చేత్తో ఎత్తి వేసే బుట్టలతో పోల్చుకోవద్దు.

హెర్రింగ్ చేపను మరలో నలగ్గొట్టి చిల్లుల డబ్బాలో కుక్కుతారు, పక్కన కాడ్ చేపను కోసి వేలాడదీస్తారు. అదే ఎర. బోనును హైడ్రాలిక్ బల్ల మీదికి ఎక్కించి, తలుపు కట్టి, బల్ల లేపితే సముద్రంలోకి జారుతుంది. దాని వెంట తాడు, తాడు చివర బోయాలు (బోను ఎక్కడుందో చూపే తేలే బుడగలు). ఇట్ల ఒకే వరసలో పదులకొద్దీ బోన్లు దించి ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. తిరిగొచ్చి, కొక్కెం విసిరి బోయాల తాడు అందుకుని హైడ్రాలిక్ చక్రానికి తగిలిస్తే బోను పైకొస్తుంది. బల్లమీద కుమ్మరించి ఏరాలి. ఆడవి, చిన్నవి వెంటనే నీళ్లలోకి పోవాలి. ఎర్ర కింగ్ క్రాబ్ అయితే పెంకు వెడల్పు ముళ్లతో కలిపి ఆరున్నర అంగుళాలు (165 మి.మీ.) ఉన్న మగదాన్నే ఉంచుకోవాలి. కొత్తగా చేరినోడికి ఎర తయారు చేసే పని ఇస్తారు. అంటే బోను లోపలికి దూరి ఎర కట్టి, తలుపు మూసేలోపు బయటికి రావాలి.

డెక్కు మీద దెబ్బలు ఎక్కువగా రెండు విధాలు. ఒకటి, క్రేనుకు వేలాడే బోను పడవ ఊగినప్పుడు ఊగి మనిషిని రెయిలింగుకు నొక్కేయడం. రెండోది తాడు చుట్ట. బోను దిగేటప్పుడు తాడు బుసకొట్టినట్టు పోతా ఉంటుంది. ఆ చుట్టలో కాలు పడిందా, బోనుతోపాటే మనిషీ కిందికి పోతాడు. కాబట్టి బల్ల లేచే వేళకు తాడుకూ పడవ అంచుకూ మధ్యలో ఎవరూ నిలబడకూడదు. చేతికి అందేలా ఒంటిమీద చిన్న కత్తి పెట్టుకునేది కూడా దీనికే.

ఇంకో సంగతి, నాకు నచ్చింది. బోను పక్కన 18 అంగుళాల చీలిక పెట్టి దాన్ని నూలు దారంతో కుట్టాలని అలాస్కా నియమం. నైలాన్ పనికిరాదు. తాడు తెగి బోను అడుగున పోయినా కొన్నాళ్లకు నూలు కుళ్లి చీలిక తెరుచుకుంటుంది, లోపలున్నవి బయటపడతాయి. మన తీరంలో పారేసిన వలల సంగతి చూస్తే ఇది ఎప్పుడో తెచ్చుకోవాల్సిన నియమం అనిపిస్తుంది.

లోడ్‌లైన్_గూడూరు:
పైన చెప్పినవి చెయ్యో కాలో పోగొట్టేవి. పడవనే ముంచేది వేరే ఉంది: బరువు. అలలు కాదు, బరువు.

గాలి చలి సుమారు మైనస్ 2 డిగ్రీల కిందికి పోయి ఈదురుగాలి తోడైతే, పడవ ముందు కొనకు తగిలి లేచిన తుంపర ఇనుము మీద పడీ పడకముందే గడ్డకడుతుంది. రెయిలింగు, తాళ్లు, యాంటెన్నా, పేర్చిన బోన్లు, అన్నింటి మీదా పేరుకుంటుంది. లెక్క వేసుకోండి. వంద చదరపు మీటర్ల మేర అయిదు సెంటీమీటర్ల మంచు అంటే అయిదు ఘనమీటర్లు, అంటే నాలుగున్నర టన్నులు. అదీ పడవ పై భాగంలో. అడుగున నాలుగున్నర టన్నులు పెరిగితే పడవ కుదురుగా నిలబడుతుంది, పైన పెరిగితే పడవ బరువు కేంద్రం (గరిమనాభి) పైకి పోయి తేలిగ్గా బోర్లా పడుతుంది. బోన్లకు వల ఉంటుంది కాబట్టి లోపల కూడా మంచు కట్టి ఆ పేర్పు మొత్తం గోడ అయిపోతుంది. ఆ గోడకు గాలి కూడా తగులుకుంటుంది. పైగా గాలి వచ్చే పక్కే ఎక్కువ మంచు కడుతుంది కాబట్టి పడవ ఒక పక్కకు ఒరుగుతుంది.

తెలిసిన కెప్టెను ముందు వేగం తగ్గిస్తాడు, ఎందుకంటే తుంపర తగ్గుతుంది. గాలికి ఎదురుపోవడం మాని, ఏదైనా దీవి చాటుకు పోతాడు. మనుషులు చెక్క సుత్తులు, బేస్‌బాల్ బ్యాట్లు పట్టుకుని పైనుంచి మొదలుపెట్టి కొట్టుకుంటూ దిగాలి. రెండు పక్కలా సమానంగా రాల్చాలి. డెక్కు నీళ్లు పోయే రంధ్రాలు గడ్డకట్టకుండా చూసుకోవాలి, అవి మూసుకుపోతే డెక్కే చెరువు. పీతల ట్యాంకు అయితే నిండుగా ఉండాలి, లేదా ఖాళీగా. సగం నిండితే నీళ్లు ఒరిగిన పక్కకే పరిగెత్తి ఒరుగును ఇంకా పెంచుతాయి.

చాలామందికి తెలియని గుర్తు ఒకటుంది. పడవ చురుగ్గా ఊగి లేస్తుంటే బాగున్నట్టు. మెల్లగా, బద్ధకంగా ఒరిగి, ఆ ఒరుగు దగ్గరే కాసేపు ఆగి లేస్తుంటే భయపడాలి. ఊపు నెమ్మదించింది, హాయిగా ఉందని పడుకునే కొత్తోళ్లు ఉంటారు.

2017 ఫిబ్రవరి 11న డెస్టినేషన్ అనే పడవ సెయింట్ జార్జ్ దీవి దగ్గర మునిగి ఆరుగురు పోయారు. మంచు పేరుకోవడమే ప్రధాన కారణమని విచారణ తేల్చింది. బోన్ల అసలు బరువు కూడా, పడవ ఒరిగిపోకుండా ఎంత బరువు మోయొచ్చో చెప్పే స్టెబిలిటీ పుస్తకంలో రాసిన దానికంటే ఎక్కువే ఉంది. 2019 డిసెంబర్ 31 రాత్రి స్కాండీస్ రోజ్ మునిగినప్పుడు ఏడుగురిలో ఇద్దరే మిగిలారు. ఆ పడవకు ఇచ్చిన స్టెబిలిటీ సూచనలే తప్పని తేలింది. "ఇన్ని బోన్లు పేర్చొచ్చు" అన్న కాగితమే తప్పయితే కెప్టెను ఎంత జాగ్రత్తపరుడైనా ఏం చేయగలడు?

చంద్రగిరి_కోట:
నీళ్లలో పడితే ఎంతసేపు? మా కుర్రోళ్లకు ఈత బాగా వచ్చు.

బోసన్_సూళ్లూరుపేట:
తమ్ముడూ, ఆడ ఈతకు విలువ లేదు. ఒకటి-పది-ఒకటి అని నేర్పిస్తారు. మొదటి ఒక్క నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, అప్పుడు నోట్లోకి నీళ్లు పోతే అంతే. తర్వాత పది నిమిషాల వరకే చేతివేళ్లు మాట వింటాయి. ఆపైన సుమారు ఒక గంటకు స్పృహ పోతుంది.

అందుకే ఇమ్మర్షన్ సూటు. ఒళ్లంతా, పాదాలతో సహా కప్పే మందపాటి నియోప్రిన్ సూటు. 60 సెకన్లలో వేసుకోవడం సాధన చేయాలి. సూటు నేలమీద పరిచి కూర్చుని ముందు కాళ్లు దూర్చాలి. బూట్లకు ప్లాస్టిక్ కవర్లు తొడిగితే సులువుగా జారతాయి. తర్వాత వాటం లేని చెయ్యి, ఆపైన తలకు ముసుగు, చివర్లో వాటమైన చెయ్యి. ఆ చేత్తో జిప్పు లాగి మూతి మీది పట్టీ అంటించాలి. సూటు ఉన్నా జిప్పు మొరాయిస్తే లాభం లేదు. ఉప్పుపట్టి బిగుసుకుంటుంది, దానికి తరచూ మైనం రుద్దాలి. స్కాండీస్ రోజ్‌లో బతికిన ఇద్దరూ సూటు వేసుకుని తెప్ప ఎక్కినవాళ్లే.

శ్రీకాళహస్తి_సందేహం:
అందరూ టీవీలో చూసిన పాత కథే చెప్తున్నారు, ఇప్పుడు అంత ఘోరం లేదు కదా?

లోడ్‌లైన్_గూడూరు:
సగం నిజం. 1999 నుంచి సీజను ముందు రేవులోనే కోస్ట్‌గార్డ్ వాళ్లు పడవెక్కి బోన్ల లెక్క, సూట్లు, తెప్పలు చూస్తున్నారు. 2005లో పోటీ వేట పోయి కోటా వచ్చింది, అంటే ఎవరు ఎంత పట్టొచ్చో ముందే పంచేశారు. అంతకుముందు "తెరిచిన గంట నుంచి ఎవడు ఎంత పడితే అంత" అన్నట్టు ఉండేది, తుపానైనా ఆగేవాళ్లు కాదు. ఆ తర్వాత చావులు బాగా తగ్గాయి. కానీ 250 దాకా ఉన్న పడవలు వంద లోపుకు వచ్చాయి, దాంతో పనులూ తగ్గాయి.

కోల్డ్‌చైన్_తడ:
డబ్బు సంగతి. ఆడ నెల జీతం ఉండదు, వాటా ఉంటుంది. పట్టిన సరుకు అమ్మిన మొత్తంలో ముందు కోటా యజమానికి అద్దె పోతుంది. కింగ్ క్రాబ్‌లో అది సగానికి పైగానే ఉండొచ్చు. తర్వాత డీజిలు, ఎర, తిండి. మిగిలిందాంట్లో పడవకు వాటా, ఆపైన కెప్టెనుకూ మనుషులకూ. కొత్తోడికి మామూలుగా సగం వాటా. బోన్లు ఖాళీగా వస్తే చేతికి వచ్చేదీ ఖాళీయే. సీజను ముందే "ఇంత వస్తుంది" అని అంకె చెప్పాడంటే ఈ లెక్క వాడికి తెలియదన్నమాట.

సరుకు ప్రాణంతో అప్పజెప్పాలి. ట్యాంకులో సముద్రపు నీళ్లు ఆగకుండా తిరగాలి. ఒకటి చచ్చి కుళ్లితే నీళ్లు చెడి పక్కవీ చస్తాయి. చచ్చినదానికి పైసా రాదు. పంపు ఆగిందంటే వారం కష్టం పోయినట్టే.

సీజనే లేకుండా పోయిన ఏళ్లూ ఉన్నాయి. అలాస్కా తీరంలోని బ్రిస్టల్ బేలో ఎర్ర కింగ్ క్రాబ్ వేట 2021, 2022 సీజన్లలో మూసేశారు. స్నో క్రాబ్ (ఇంకో రకం పీత) వేట 2022, 2023 సీజన్లలో లేదు. 2018-19లో సముద్రం వేడెక్కి, పీతలకు ఆకలి పెరిగి, మేత చాలక సుమారు వెయ్యి కోట్ల స్నో క్రాబ్‌లు మాయమయ్యాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మళ్లీ తెరిచిన కొత్తలోనూ కోటా చిన్నదే.

వీసా_కిటికీ:
అసలు ప్రశ్న ఇక్కడుంది. ఓడ సిబ్బందికిచ్చే సీ-1/డి వీసా, అమెరికా హోమ్ పోర్టుగా (సొంత రేవుగా) ఉన్న చేపల పడవలకు చెల్లదని చట్టంలోనే ఉంది. పైగా అమెరికా చేపల పడవ కెప్టెను ఆ దేశ పౌరుడై ఉండాలి. మిగతా సిబ్బందిలోనూ నూటికి 75 మంది పౌరులో గ్రీన్‌కార్డు వాళ్లో ఉండాలి. కాబట్టి తడ నుంచి నేరుగా డెక్కు మీదికి దారి దాదాపు లేనట్టే. ఒడ్డున పీతలు ఉడికించి ప్యాక్ చేసే ఫ్యాక్టరీలకు హెచ్-2బీ అనే తాత్కాలిక పని వీసా మీద విదేశీయుల్ని తెస్తారు. అది గంట కూలి. దానికీ పని కోసం కూలివాడి దగ్గర నియామక రుసుము తీసుకోవడం నిషేధం.

మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో నంబరు కొడితే కనబడుతుంది. వాళ్లు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. రెండు లక్షలు కాదు. ఓడ ఉద్యోగమంటే కేంద్ర నౌకాయాన విభాగం (డీజీ షిప్పింగ్) ఓడ సిబ్బందిని పంపే ఏజెంట్లకు ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు అడగండి, వాళ్లు ఉద్యోగం ఇప్పించినందుకు ఏమీ తీసుకోకూడదు.

వాకాడు_వల:
ఆ రెండు లక్షలు ఈడ పెట్టినా పనికొస్తుంది. పెంకు వదిలిన మెత్తటి మండపీతను తక్కువ ధరకు కొని, ఒక్కోదాన్ని ఒక్కో పెట్టెలో పెట్టి చిల్లర చేపలు మేపితే మూడు నాలుగు వారాల్లో గట్టిపడుతుంది. కలిపి పెడితే ఒకదాన్నొకటి తింటాయి. బయటికి పంపడానికి చెన్నై విమానాశ్రయం దగ్గరే కదా.

చంద్రగిరి_కోట:
ఏ పడవ అని అడిగితే "డచ్ హార్బర్ (అలాస్కాలో పీతల పడవల రేవు) పోయినాక చెప్తాం" అంటా ఉండారు.

వీసా_కిటికీ:
20 టన్నులు దాటిన అమెరికా చేపల పడవల్లో చాలావాటికి, బయల్దేరకముందే వాటా ఎంతో రాసి సంతకం పెట్టిన ఒప్పందం ఉండాలని అక్కడి చట్టం. పడవ పేరు, యజమాని పేరు, వాటా శాతం రాసిన కాగితం అడగమనండి. ఇప్పటికే డబ్బు కట్టినోళ్లుంటే ఆ వాట్సాప్ మెసేజీలు, బ్యాంకు రసీదులు చెరిపేయకుండా ఉంచి, ఈ-మైగ్రేట్‌లోనూ పోలీసు స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వమనండి.