నకియాకు నిజంగా అంత అధికారం ఉండేదా?

ప్రశ్న: ప్రాచీన అసిరియా (నేటి ఇరాక్ ప్రాంతం) రాజు సెన్నాకెరిబ్ హత్య తర్వాత, క్రీ.పూ. 681లో అతని కొడుకు ఎసర్‌హద్దోన్ గద్దెనెక్కాడు. వెనకుండి నడిపింది తల్లి నకియాయే అంటారు. ఆధారాలున్నాయా?

జవాబు: ఉన్నాయండీ. క్రీ.పూ. 669లో ఈజిప్టు దండయాత్రకు వెళ్తూ ఎసర్‌హద్దోన్ దారిలోనే చనిపోయాడు. మనవడు అషుర్‌బనిపాల్‌కు విధేయులుగా ఉండాలని అందరినీ కట్టడి చేసిన ఒప్పందం ఆవిడ పేరుతోనే ఉంది. కట్టుబడాల్సిన వాళ్లలో మొదటి పేరు అతని సోదరుడు షమాష్-షుమ్-ఉకిన్‌ది! కుట్ర చెవిన పడితే అషుర్‌బనిపాల్‌తో పాటు ఆవిడకూ చెప్పాలట. కొడుకు పోయిన దుఃఖంలో ఆ గుండె ధైర్యం చూడండి. నాకైతే ఆవిడంటే ఎనలేని గౌరవం.

ఇంకో జవాబు: ఆడపడుచు పెత్తనం కూడా తక్కువేం కాదు. ఎసర్‌హద్దోన్ కూతురు షెరూవా-ఎతిరత్, అషుర్‌బనిపాల్ భార్యకు రాసిన ఉత్తరం దొరికింది. పలక రాయవేం, పాఠం అప్పజెప్పవేం అని నిలదీసింది.

ప్రశ్న అడిగినవారు: ఆహా! అంటే కోడళ్లూ చదవాల్సిందేనన్నమాట. చాలా థ్యాంక్స్ అండీ.