ఆగస్టు 17 ఆదివారం: జెండా పండగ, పిల్లల ఫుట్‌బాల్, యునైటెడ్–ఆర్సెనల్ మ్యాచ్ – వాలంటీర్ల పనులు

కన్వీనర్ · జూలై 20

అందరికీ నమస్కారం. ఈసారి ఇక్కడ బ్రిటన్‌లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ 2025 ఆగస్టు 15నే, శుక్రవారం రాత్రి మొదలవుతోంది. జెండా పండగ ఎలాగూ ఆ వారాంతంలోనే చేసుకోవాలి కాబట్టి రెండూ కలిపి ఆదివారం 17న పెడదామని మన అసోసియేషన్ కమిటీ నిర్ణయం. 10:30కి జెండా, 11కి పిల్లల ఆటలు, ఒంటిగంటకు భోజనాలు, 4:30కి పెద్ద తెర మీద ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగే మాంచెస్టర్ యునైటెడ్–ఆర్సెనల్ మ్యాచ్. 120 మంది లెక్క. ఎవరు ఏ పని పట్టుకుంటారో ఇక్కడే రాయండి. వాట్సాప్‌లో రాస్తే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి దొరకదు.

ఒక సభ్యుడు · జూలై 20

శనివారం పెట్టుకుంటే పోయేది కదా అన్నా? మర్నాడు ఆఫీసు గొడవ ఉండదు, మ్యాచ్‌లు కూడా ఎక్కువ.

తెర, సౌండ్ · జూలై 21

మ్యాచ్‌లు ఎక్కువే తమ్ముడూ, చూడ్డానికే దొరకవు. శనివారం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఏ ఛానలూ ఫుట్‌బాల్ లైవ్ చూపకూడదు. టీవీలో వస్తే చిన్న క్లబ్బుల స్టేడియాలకు జనం రారని 1960ల నుంచీ ఉన్న కట్టడి. 3 గంటల మ్యాచ్ హైదరాబాద్‌లో మీ బావగారు రాత్రి ఏడున్నరకి సోఫాలో కూర్చుని చూస్తారు, ఇక్కడ మనకి మాత్రం స్కోరే గతి. పైగా 16న కృష్ణాష్టమి, సగం ఇళ్లలో ఉపవాసం. 14న పెద్ద సినిమాలు రెండు విడుదల, ఆ శుక్ర శనివారాల్లో వాలంటీర్ల ఫోన్లు ఎత్తేవాళ్లే ఉండరు.

ఇక అసలు సంగతి. మనం ఎప్పుడూ తీసుకునే కమ్యూనిటీ హాల్ దీనికి పనికిరాదు. ఇంట్లో ఉన్న స్కై టీవీ కనెక్షన్‌ని ల్యాప్‌టాప్‌లో తెచ్చి ప్రొజెక్టర్‌కి తగిలిస్తే సరిపోతుందని ఇప్పటికే ముగ్గురు మెసేజ్ పెట్టారు. సరిపోదు. ఇంటి సబ్‌స్క్రిప్షన్ ఇంటివరకే. హాల్లో, పబ్‌లో చూపాలంటే ఆ చోటు పేరున వ్యాపార సబ్‌స్క్రిప్షన్ ఉండాలి. తెర మూల చిన్న బీరు గ్లాసు బొమ్మ వస్తుంటుంది చూశారా, ఆ ప్రసారం అదేనని గుర్తు. తనిఖీకి వచ్చేవాళ్లు ముందు దానికోసమే చూస్తారు. డబ్బు ఎగ్గొట్టే ఉద్దేశంతో ప్రసారం వాడుకోవడం 1988 కాపీరైట్ చట్టంలో 297వ సెక్షన్ కింద నేరం. అసోసియేషన్ పేరు మీద అలాంటి మచ్చ మనకొద్దు.

కాబట్టి స్కై వ్యాపార కనెక్షన్ ఉన్న స్పోర్ట్స్ క్లబ్ ఫంక్షన్ రూమ్ తీసుకుందాం. ఆదివారం మ్యాచ్ స్కైలోనే కనుక ఒక్క కనెక్షన్ చాలు. శనివారం 12:30 మ్యాచ్ టీఎన్‌టీ ఛానల్లో ఉంది, దానికి వేరే సబ్‌స్క్రిప్షన్ కావాలి.

కోశాధికారి · జూలై 21

ప్రవేశానికి టికెట్ పెట్టవద్దు. డబ్బు తీసుకుని ప్రసారం చూపిస్తే చట్టం వేరే లెక్కలో చూస్తుంది. భోజనానికి మామూలుగా తీసుకునేదే తీసుకుందాం. మ్యాచ్ ఉంది కదా అని ప్లేటు ధర పెంచినా టికెట్ పెట్టినట్టే లెక్క. లైవ్ ప్రసారానికి సినిమా ప్రదర్శన లైసెన్సు అక్కర్లేదు, రికార్డు చేసి తర్వాత వేస్తే ఆ వెసులుబాటు ఉండదు. బార్ క్లబ్ వాళ్లదే, మన సీసాలు గుమ్మం బయటే.

పిల్లల ఆటలు · జూలై 24

క్లబ్ గడ్డి మైదానం ఇవ్వరు, వేసవిలో విత్తనం చల్లి వదిలేశారు. పక్కనున్న 3జీ టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) ఇస్తామన్నారు. దాని మీదికి ఇనుప స్టడ్స్ బూట్లు రానివ్వరు. ప్లాస్టిక్ స్టడ్స్, ట్రైనర్లు ఫర్వాలేదు. తల్లిదండ్రులకు ఇది ముందే రాయాలి, లేకపోతే గేటు దగ్గర ఏడుపులు.

40 మంది పిల్లలు, ఐదుగురేసి 8 జట్లు, రెండు గ్రూపులు. ఒక్కో గ్రూపులో 6 మ్యాచ్‌లు. 8 నిమిషాల ఆట, 2 నిమిషాల మార్పు. రెండు కోర్టుల్లో పక్కపక్కనే నడిపితే గంటలో అయిపోతుంది, పైన ఫైనల్‌కి 10 నిమిషాలు. ఒక్క కోర్టే దొరికితే రెండు గంటలు పట్టి భోజనాలు వెనక్కి జరుగుతాయి, అందుకని రెండు కోర్టులూ ఇస్తామని రాయించుకోండి. బంతులు: తొమ్మిదేళ్ల లోపు జట్లకు 3వ సైజు, పైవాళ్లకు 4వ సైజు. జట్టుకొకటి కాక రెండు అదనం. గోల్‌పోస్టులు చక్రాలవి. ప్రతిదాని వెనక బార్ మీద ఇసుక బస్తాలు వేశాకే పిల్లల్ని లోపలికి వదలాలి. పోస్టు పట్టుకుని వేలాడడం వీళ్లకి ఆటలో భాగం.

ఈ సీజన్ నుంచి అండర్-10లో కూడా తలతో బంతి కొట్టకూడదు, పోయినేడు అండర్-9 వరకే ఉండేది. కావాలని కొడితే అవతలి జట్టుకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. రిఫరీలుగా నిలబడే నాన్నలు దయచేసి ఇది చదువుకుని రండి. టీవీలో చూసి వచ్చిన పిల్లలు తలే ముందు పెడతారు.

వంట · జూలై 27

భోజనంలో పులిహోర, ముద్దపప్పు, గుత్తి వంకాయ, దద్దోజనం, ఒక స్వీటు. మిగతావి ఇదివరకటి లెక్కే. పులిహోర ఒక్కటీ రాస్తాను, పోయినసారి ముద్దయింది.

బియ్యం 9 కిలోలు, చింతపండు కిలో, నూనె లీటరు, పల్లీలు 900 గ్రాములు, పచ్చిమిర్చి కిలో బియ్యానికి 12. గుజ్జు శుక్రవారమే నూనె తేలేదాకా ఉడికించి పెట్టేయండి. అన్నం ఆదివారం తెల్లవారి. గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లలో పావు గ్లాసు తగ్గించండి. దించగానే వెడల్పాటి పళ్లాల్లో పరిచి కాస్త నూనె, పసుపు వేసి విసరాలి. గుండిగలోనే ఉంచితే అడుగు అన్నం ఆవిరికి మెత్తబడి, కలిపేటప్పుడు విరుగుతుంది. ముద్ద అయ్యేది అక్కడే. రాత్రి వండిన అన్నం మాత్రం వద్దు. గది వేడిలో గంటలకొద్దీ ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ప్రతి వంటకం ముందు చీటీ ఉండాలి. ఇక్కడి జాబితాలోని 14 అలర్జీల్లో ఆవాలు ఒకటి, అంటే మన పోపంతా లెక్కలోకి వస్తుంది. పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, పాలు జాబితాలో ఉన్న సంగతి అందరికీ తెలుసు. ఎవరూ చూడనిది ఇంగువ. డబ్బా వెనక చదవండి, చాలా బ్రాండ్లలో గోధుమ పిండి కలుస్తుంది. గ్లూటెన్ పడనివాళ్లకి పులిహోర చేటు చేసేది అందుకే. బియ్యప్పిండితో చేసిన ఇంగువ ఒక డబ్బా కొందాం.

ఒక సభ్యుడు · జూలై 27

హాఫ్‌టైమ్‌లో మిరపకాయ బజ్జీలు అక్కా? మ్యాచ్ అంటే అవే కదా!

వంట · జూలై 28

లెక్క వేసి చెప్తాను బాబూ. 120 మందికి రెండేసి, 240 బజ్జీలు. మూకుడుకి పది, వాయికి ఐదు నిమిషాలు. హాఫ్‌టైమ్ 15 నిమిషాలు. అంటే ముప్పై బజ్జీలు, ఒక్కోటే ఇచ్చినా తొంభై మంది మూతి ముడుపులు. ముందే వేసి పెడితే మెత్తబడతాయి. వీటన్నిటి కంటే ముందు, క్లబ్ వంటగదిలో నూనె మూకుడు పెట్టనివ్వరు. పొగకి అలారం మోగితే హాలంతా బయట నిలబడాలి, గోల్ లోపల పడుతుంది.

దానికి బదులు పెరుగు గారెలు. మినప్పప్పు 4 కిలోలు, కిలోకి 60 గారెలు. శనివారం సాయంత్రం నాలుగిళ్లలో వేయించి, గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి పెరుగులో వేయాలి. గట్టిగా పిండితే మధ్యలో పిండిలా ఉండిపోతాయి, అసలు పిండకపోతే పెరుగు నీళ్లవుతుంది. పెరుగు 12 లీటర్లు, పులవనిది. ఉప్పు, పోపు ఆదివారమే. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి కాబట్టి ఒక్కో ఇంట్లో ఒక అర ఖాళీ చేయించండి. బయట పెట్టాక నాలుగు గంటలు దాటితే పారేయడమే.

వడ్డన · జూలై 28

దీనికి నేనుంటాను. ఒక్కొక్కరికి గిన్నెలో వేసి ఇస్తే పది సెకన్లు అనుకున్నా, ఒక వరసలో 120 మందికి 20 నిమిషాలు. సెకండ్ హాఫ్ మొదలైపోతుంది. కాబట్టి వడ్డించవద్దు. 300 మి.లీ. కాగితపు గిన్నెల్లో రెండేసి గారెలు, చెంచాతో సహా 35వ నిమిషం నుంచి నింపి, బల్లకి రెండువైపులా నడిచేలా పెడదాం. తీసుకుని వెళ్లడమే. టీ బల్ల హాల్‌కి అవతలి మూల, రెండు వరసలు కలవకుండా.

తెర, సౌండ్ · ఆగస్టు 3

క్లబ్‌కి వెళ్లి చూశాను. స్కై బాక్సు బార్‌లో ఉంది, అక్కణ్ణుంచి ఫంక్షన్ రూమ్‌కి కేబుల్ లాగి ఉంది. ఇది మన అదృష్టం. హాల్లో విడిగా ఇంటర్నెట్ యాప్ మీద పెట్టుకుంటే ప్రసారం బార్ కంటే అరనిమిషం దాకా వెనకబడుతుంది. మన తెర మీద బంతి ఇంకా మధ్యలో ఉండగానే గోడ అవతల గోల్ అని అరుస్తారు. ఒకే బాక్సు నుంచి రెండు తెరలూ వెళ్తే ఆ గోల ఉండదు. ఫోన్ స్కోర్ నోటిఫికేషన్లు మాత్రం డిష్ ప్రసారం కంటే కూడా ముందొస్తాయి. 4:25కి మైకులో చెప్పి అందరిచేతా ఆపించాలి.

సౌండ్: బాక్సు 5.1లో, అంటే ఆరు ఛానళ్లుగా విడదీసి, పంపుతుంటే, మన మిక్సర్ కుడి ఎడమ మాత్రమే తీసుకుంటే జనం హోరు వినిపించి కామెంటరీ మాయమవుతుంది. ఎందుకంటే మాటలన్నీ మధ్య ఛానల్లో ఉంటాయి. స్పీకర్ పాడైందని కేబుళ్లు పీకకండి. బాక్సు సెట్టింగ్‌లో స్టీరియో పెట్టాలి. బ్లూటూత్ స్పీకర్ వద్దు, బంతి తన్నిన కాసేపటికి గాని చప్పుడు రాదు.

తెర: ఆగస్టులో ఇక్కడ ఎనిమిది దాటాకే సూర్యాస్తమయం. కిటికీలు పడమటి వైపు ఉన్నాయి, తెర తూర్పు గోడకి వేస్తే 4:30 ఎండ నేరుగా దాని మీదే. ఉత్తరపు గోడకి మారుద్దాం. కిటికీలకి నల్లగుడ్డ, ప్రొజెక్టర్ వెలుగు 5,000 ల్యూమెన్లకి తక్కువ వద్దు. మధ్యలో మామూలు స్ప్లిటర్ పెడితే హెచ్‌డీసీపీ (కాపీ చేయకుండా పెట్టే రక్షణ) ఒప్పుకోక తెర నల్లగా పోతుంది, దాన్ని సపోర్ట్ చేసేదే తేవాలి. 9న శనివారం 12:30కి సౌతాంప్టన్–రెక్సమ్ మ్యాచ్ స్కైలో ఉంది, దాని మీద రిహార్సల్ చేద్దాం. మెనూ కనిపించింది కదా అని వెళ్లిపోవద్దు. లైవ్ ఛానల్ మీద పది నిమిషాలు నడిచాకే సరి.

టీ అర్న్ (నీళ్లు కాచే కరెంటు పాత్ర), ప్రొజెక్టర్ ఒకే ఎక్స్‌టెన్షన్ మీద పెట్టకండి. అర్న్ ఒక్కటే 13 ఆంపియర్ల ప్లగ్‌ని నింపేస్తుంది.

వంట · ఆగస్టు 4

అర్న్ 20 లీటర్లది, కాగడానికి ముప్పావు గంట పైనే. 4:15కి స్విచ్ వేయాలి. అందులో పాలు పోయకండి, కాయిల్‌కి అంటుకుని మాడి టీ అంతా అదే వాసన. నీళ్లే కాచి, డికాక్షన్ విడిగా, పాలు స్టవ్ మీద.

వడ్డన · ఆగస్టు 16 రాత్రి

రెండు రోజుల ఫలితాలు చూశాక మనవాళ్ల నమ్మకాలన్నీ తలకిందులయ్యాయి. లివర్‌పూల్ బోర్న్‌మత్ మీద 2-0 ఆధిక్యం చేజార్చుకుని, 88వ నిమిషంలో కియేసా, చివర్లో సలా కొడితే 4-2తో బయటపడింది. పోయినేటి ఛాంపియన్ల డిఫెన్స్ ఇంత పలచగా ఉంటే సీజన్ రంజుగా ఉంటుంది. ఎనిమిదేళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్‌లోకి తిరిగొచ్చిన సండర్‌లాండ్ వెస్ట్‌హామ్‌ని 3-0తో చితక్కొట్టింది. మాంచెస్టర్ సిటీ వుల్వ్స్ మీద 4-0. మొదటి వారం పట్టిక చూసి రేపు హాల్లో పందేలు కాయకండి, ఇంకా 37 వారాలుంది.

రేపటి మ్యాచ్‌కి నా అంచనా. పోయినేడు 42 పాయింట్లతో 15వ స్థానంలో నిలిచిన యునైటెడ్ ముందువరస మొత్తం కొత్తగా కొంది: కున్యా, ఎంబేమో, షెష్కో. కొత్తవాళ్లతో మొదటి అరగంట హోరెత్తిస్తారు, మధ్యలో బంతి ఆపేవాళ్లు ఎవరన్నదే అనుమానం. మా ఆర్సెనల్ వరసగా మూడేళ్లు రెండో స్థానం. ఈసారి సెంటర్ ఫార్వర్డ్‌గా వచ్చిన గ్యోకెరెస్ లిస్బన్‌లో ఆడింది తర్వాత యునైటెడ్ కోచ్‌గా వచ్చిన అమోరిమ్ కిందే, గ్యోకెరెస్ లోటుపాట్లు యునైటెడ్ బెంచ్‌కి కంఠతా వచ్చు. అందుకే మామూలు ఆటలో కంటే కార్నర్ మీదే మాకు గోల్ వస్తుందని నా లెక్క. వడ్డనవాళ్లకి మనవి: ఆర్సెనల్‌కి కార్నర్ వస్తే ట్రేతో తెర ముందు నుంచి నడవకండి. కీపర్ బంతి పట్టుకుని 8 సెకన్లు దాటినా ఈ ఏడు నుంచి అవతలివాళ్లకి కార్నరే. రిఫరీ చెయ్యెత్తి చివరి ఐదూ లెక్కపెడతాడు, పిల్లలు అడిగితే చెప్పండి.

నిన్న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో బోర్న్‌మత్ ఆటగాడు సెమెన్యోని జాతి పేరు పెట్టి దూషించారని ఆట ఆపాల్సి వచ్చింది. మన హాల్లో ముందు రెండు వరసలూ పిల్లలవే. అరవండి, ఆట మీదే అరవండి.

రేపటి వేళలు: 8:30 తాళాలు, 9 ఇసుక బస్తాలు, 9:30 నల్లగుడ్డ, 4:15 అర్న్, 5:05 గిన్నెలు నింపడం, దాదాపు 5:17కి హాఫ్‌టైమ్. స్టాపేజ్ టైమ్‌ని బట్టి రెండు మూడు నిమిషాలు అటూఇటూ. చెంచాలు 150 నా కారులో ఉన్నాయి, నల్లగుడ్డకి పిన్నులు ఇంకా ఎవరూ కొనలేదు.

తెర, సౌండ్ · ఆగస్టు 16 రాత్రి

పిన్నులు వద్దు, గోడకి రంగు పోతుందని క్లబ్ వాళ్లు ఒప్పుకోరు. గాఫర్ టేప్ రెండు చుట్టలు తెస్తున్నాను.