అప్‌డేట్: టెక్యోన్ అనే కొరియా సంప్రదాయ యుద్ధవిద్యలో చేరాను

"సియోల్‌లో చదువుకుంటున్నాను, రాత్రిపూట ల్యాబ్ నుంచి ఒంటరిగా వస్తాను, ఆత్మరక్షణకి టైక్వాండో మంచిదా, హాప్కిడోనా, టెక్యోనా?" అని మూడు నెలల క్రితం అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మూడింటికీ ట్రయల్ క్లాసులకు వెళ్లి, చివరికి టెక్యోన్‌లో చేరాను. మొదటి నెలంతా పుంబాల్గి అనే అడుగులే. నేల మీద త్రిభుజం ఉందనుకుని, మోకాళ్లు వదులుగా వంచుతూ, "ఇక్! ఎక్!" అని ఊపిరి వదులుతూ లయగా తొక్కాలి. చూడటానికి డ్యాన్స్‌లా ఉంటుంది. కానీ ఆ ఊపులోంచి కాలు ఎప్పుడు లేస్తుందో ఎదుటివాళ్లకి అంతుపట్టదు. జపాన్ పాలనలో దాదాపు కనుమరుగైన ఈ విద్యను సాంగ్ డక్‌గీ అనే పెద్దాయన నిలబెట్టారు. 1983లో కొరియా ప్రభుత్వం, 2011లో యునెస్కో దీన్ని వారసత్వ సంపదగా గుర్తించాయి. ఆయన గురించి చదివాక క్లాసు మానబుద్ధి కావట్లేదు.

ఆత్మరక్షణకి మాత్రం హాప్కిడో ట్రయల్‌లో నేర్పిందే వెంటనే పనికొస్తుందనిపించింది. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే ఊరికే వెనక్కి గుంజకూడదు, వాళ్ల బొటనవేలి వైపుకి చెయ్యి తిప్పి లాగాలి. పట్టు అక్కడే బలహీనం. రూమ్మేట్‌తో రోజూ ప్రాక్టీస్ చేస్తున్నాను. వచ్చే నెల నుంచి వారానికో రోజు హాప్కిడోకి కూడా వెళ్తాను.